బ్లాక్ బెల్ట్ సంగతి తర్వాత, ముందు ఆ స్క్రాప్ ట్రాలీ చూడు

ప్రశ్న: సార్, మాది నాయుడుపేట దగ్గర పల్లెటూరు. డిప్లొమా మెకానికల్ అయ్యాక రెండేళ్ళుగా శ్రీసిటీలో కారు విడిభాగాల కంపెనీలో ఫైనల్ ఇన్‌స్పెక్షన్ చేస్తున్నాను. అల్యూమినియం హౌసింగులకు బోర్ (లోపలి గుండ్రటి రంధ్రం) కొలవడం, లీక్ టెస్ట్ చేయడం నా పని. లీక్ రిజెక్షన్ నాలుగు నెలలుగా తగ్గట్లేదు, రోజూ 'పోరోసిటీ' (లోహంలో సన్నటి రంధ్రాలు) అని రాసి స్క్రాప్ ట్రాలీలో వేసేస్తున్నాం. నాకు క్వాలిటీలోనే పైకి రావాలని ఉంది. చెన్నైలో ఒకాయన రెండు రోజుల్లో సిక్స్ సిగ్మా బ్లాక్ బెల్ట్ ఇస్తానంటున్నాడు, ఫీజు 28 వేలు. మా అన్నయ్యేమో అవన్నీ వదిలేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమంటున్నాడు. లెక్కల్లో నేను అంతంత మాత్రమే. ఏం చదవాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఇంకో మాట, లైన్‌లో వాళ్ళు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు, తప్పులు పట్టడానికి వచ్చిందంటారు. అది చాలా బాధగా ఉంది. (పేరు వేయవద్దు)

జవాబు: ముందు ఆ 28 వేలు ఎవరికీ కట్టొద్దమ్మా. నా కూతురి వయసు నీది, అందుకే నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

సిక్స్ సిగ్మా అంటే అంకెల సాయంతో తప్పులు తగ్గించే పద్ధతి, అందులో స్థాయిల పేర్లే ఈ బెల్టులు, గ్రీన్ కన్నా బ్లాక్ పైది. ఆ సర్టిఫికెట్ ఫలానా సంస్థే ఇవ్వాలని ఎక్కడా చట్టం లేదు, అందుకని గది అద్దెకు తీసుకుని ప్రొజెక్టర్ పెట్టుకున్న ఎవరైనా బెల్టులు పంచేస్తున్నారు. ఈ రంగంలో బాగా పేరున్న అమెరికా సంస్థ ఏఎస్‌క్యూ ఉంది చూడు, వాళ్ళు గ్రీన్ బెల్ట్ పరీక్షకు కూర్చోవాలన్నా మూడేళ్ళ పని అనుభవం అడుగుతారు, బ్లాక్ బెల్ట్‌కైతే నువ్వు నిజంగా ప్రాజెక్టు చేశావని సంతకంతో ధ్రువీకరణ కూడా పెట్టాలి. అలాంటిది శని, ఆదివారాల్లో ఎలా వస్తుంది? ఇంటర్వ్యూకి పిలవడానికి ఆ కాగితం ఒకోసారి పనికొస్తుందేమో, కాదనను. కానీ నేను పాతికేళ్ళు క్వాలిటీలో పనిచేశాను, ఇంటర్వ్యూల్లో అటువైపూ ఇటువైపూ కూర్చున్నాను, ఎవరినైనా నేను అడిగేది ఒక్కటే: నువ్వు చేతులారా తగ్గించిన రిజెక్షన్ ఒకటి చెప్పు, ఎలా కనుక్కున్నావు, ఎలా ఆపావు, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వచ్చిందా లేదా. రెండు రోజుల బెల్ట్ వాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నీకైతే ఆ జవాబు తయారు చేసుకునే అవకాశం రోజూ ట్రాలీ నిండా వస్తోంది.

నా సంగతి ఒకటి చెప్తాను, కొంచెం పెద్దదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన చోట కూడా అల్యూమినియం హౌసింగే, బోర్ 50 మిల్లీమీటర్లు, టాలరెన్సు (అనుమతించిన తేడా) హెచ్7, అంటే 50.000 నుంచి 50.025 దాకా ఉండొచ్చు. మొత్తం పాతిక మైక్రాన్లే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కస్టమర్ నుంచి కంప్లయింట్ వచ్చింది, బోర్ చిన్నదైంది, గో గేజ్ (బోర్‌లోకి దిగాల్సిన కొలత కడ్డీ) దిగట్లేదని. మా రికార్డులు తీసి చూస్తే అన్నీ ఓకేనే, పైగా చాలావరకు పై లిమిట్‌కి దగ్గరగా ఉన్నాయి. అందులోనూ ఎక్కువ ముక్కలు ఒకే షిఫ్ట్‌వి. ఇంకేముంది, ఆ షిఫ్ట్ ఆపరేటర్ ఆఫ్‌సెట్ (మెషీన్ ఎంత కొయ్యాలో సర్దే అంకె) తప్పుగా మార్చాడని తేల్చేశాం. సమస్యకి కారణం, పరిష్కారం రాసి కస్టమర్‌కి పంపే 8డీ రిపోర్టులో 'ఆపరేటర్ అజాగ్రత్త, తిరిగి శిక్షణ ఇచ్చాం' అని రాసింది నేనే. ఆయనకు మెమో కూడా వెళ్ళింది. మూడు వారాలకి మళ్ళీ అదే కంప్లయింట్.

అసలు సంగతి చెప్పింది వాషింగ్ మెషీన్ దగ్గర ట్రేలు ఎత్తే ఆవిడ. "సార్, ఇవి చేతికి కాలుతున్నాయి కదా, ఇట్టాగే కొలుస్తారా?" అంది, అంతే. ఒక ముక్కను వాష్ నుంచి రాగానే బోర్ డయల్ గేజ్‌తో కొలిచాను, 50.022. పక్కన పెట్టి పది నిమిషాలకి కొలిస్తే 50.012. అరగంటకి 50.004. గంట దాటాక 49.999, అంటే రిజెక్ట్. అదే ముక్క, అదే గేజ్, అదే చెయ్యి. అల్యూమినియం మీటరుకి ఒక డిగ్రీ వేడికి సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది, 50 మిల్లీమీటర్లకి ఇరవై డిగ్రీల తేడా అంటే 23 మైక్రాన్లు, మాకున్న టాలరెన్సు మొత్తం అందులోనే పోయింది. మిగతా షిఫ్టుల్లో ట్రేలు పేరుకున్నాక తీరిగ్గా కొలిచేవాళ్ళు, చల్లారిపోయేవి. ఈ షిఫ్ట్‌లో చురుకైన పిల్లలు, రాగానే కొలిచేవాళ్ళు. రీడింగు పైకి పోతోందని ఆపరేటర్ ఆఫ్‌సెట్ తగ్గించాడు. మేం చేతికిచ్చిన అంకెలను నమ్మి ఆయన సరిగ్గానే చేశాడు. డ్రాయింగులో కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్క అని చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా, కానీ చేతికి వేడి తగులుతుంటే మాత్రం ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. మేనేజర్‌తో మాట్లాడి ఆ మెమో ఫైల్లోంచి తీయించి, ఆయన దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. టీ తాగుదాం రండి సార్ అన్నాడాయన. ఇన్నేళ్ళయినా ఆ మెమో తలుచుకుంటే మనసులో కలుక్కుమంటుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, క్వాలిటీలో మొట్టమొదట చదవాల్సింది మన కొలతనే. పుస్తకాల్లో దీన్ని ఎంఎస్ఏ అంటారు, కొలిచే పద్ధతిని పరీక్షించడం. ముగ్గురు మనుషులు పది ముక్కలను ఒక్కోటి రెండు మూడుసార్లు, ఎవరి రీడింగు ఎవరికీ తెలియకుండా కొలవాలి, తేడాలో ముక్కల వల్ల వచ్చేదెంత, గేజ్ వల్ల ఎంత, మనుషుల వల్ల ఎంత అని విడదీయాలి. కార్ల పరిశ్రమలో వాడుక ఏంటంటే, కొలతలోని తేడా పది శాతం లోపుంటే మంచిది, ముప్పై దాటితే ఆ గేజ్‌తో నిర్ణయాలు తీసుకోకూడదు. మీ కంపెనీలో ఈ స్టడీ ఆడిట్‌కి ముందు ఎవరో ఎక్సెల్‌లో చేసి ఫైల్లో పెట్టే ఉంటారు. ఆ ఫైల్ అడిగి చూడు, చూశాక నీ బెంచ్ మీద నువ్వే మళ్ళీ చెయ్యి.

నీ లీక్ టెస్ట్‌కీ ఇదే వర్తిస్తుంది. పోరోసిటీ అనే మాట కొన్నాళ్ళు పక్కన పెట్టు, అది నిజమే కావచ్చు, కానీ ఇంకా ఎవరూ రుజువు చెయ్యలేదు. రిజెక్ట్ అయిన ముక్కలు ఇరవై తీసుకో, నంబర్లు వెయ్యి, బాగా చల్లారాక అదే మెషీన్‌లో మళ్ళీ టెస్ట్ చెయ్యి. ఇరవైలో ఆరో ఏడో పాస్ అయ్యాయనుకో, వాటి విషయంలో ముందు అనుమానించాల్సింది టెస్ట్‌ని, కాస్టింగుని, అంటే లోహం పోతని, ఆ తర్వాత. ముక్కని బిగించే ఫిక్స్చర్‌లో రబ్బరు సీల్ అరిగిందా, దాని మీద చిప్ ఇరుక్కుందా, ముక్క వేడిగానో తడిగానో ఎక్కిస్తున్నారా? గాలి నింపి ఒత్తిడి ఎంత పడిపోయిందో చూసే టెస్ట్ అయితే ముక్క వేడి వల్ల లోపలి గాలి ఒత్తిడి మారి రీడింగ్ మొత్తం తప్పుతుంది. మళ్ళీ ఫెయిలైన వాటిని గాలి పెట్టి నీళ్ళలో ముంచు, బుడగ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు, హౌసింగ్ బొమ్మ ఒకటి కాగితం మీద గీసుకుని బుడగ వచ్చిన చోట చుక్క పెట్టుకుంటూ పో. పక్కనే ఆ ముక్క కావిటీ నంబరు (అచ్చులో ఏ గూట్లో పోశారో), తేదీ, షిఫ్టు. ఒక ముప్పై ముక్కలయ్యేసరికి చుక్కలన్నీ ఒకే మూల, ఒకే కావిటీలో గుమిగూడాయంటే నువ్వు ఆ కాగితం తీసుకుని డై కాస్టింగ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు, అది చూశాక నీతో ఎవరూ వాదించరు. అలా కాకుండా చెల్లాచెదురుగా ఉంటే అది వేరే కథ, అప్పుడు కరిగిన లోహం గురించీ షాట్ (లోహాన్ని అచ్చులోకి కొట్టే తీరు) గురించీ వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి. ఎటు తేలినా, నాలుగు నెలల్లో మీరు రాసిన ఆ ఒక్క మాట కన్నా నీకు ఎక్కువ తెలుస్తుంది.

ఇక లెక్కల భయం. డిప్లొమాలో చదివినదాని కన్నా ఎక్కువ లెక్కలు మొదట్లో నీకు అక్కర్లేదు. సగటు, పెద్దది మైనస్ చిన్నది, స్టాండర్డ్ డీవియేషన్, ఈ మూడూ ఎక్సెల్ చేసి పెడుతుంది. అర్థం చేసుకోవాల్సింది అంకె వెనకున్న సంగతి. మీ కంపెనీ బస్సు సంగతే తీసుకో. మీ ఊరి స్టాపుకి ఒకరోజు 5:10కి వస్తుంది, ఒకరోజు 5:07, ఇంకోరోజు 5:14, ఎవరూ డ్రైవర్‌ని ఏమీ అడగరు. ఒకరోజు 5:40 అయిందనుకో, అందరూ ఏమైందని అడుగుతారు, టైర్ పంక్చరో, గేటు పడిందో, ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. అలా కాకుండా 5:14కి వచ్చిన రోజున కూడా డ్రైవర్‌ని నిలదీస్తే మర్నాడు ఆయన నలుగురిని ఎక్కించుకోకుండా 5:03కే వెళ్ళిపోతాడు. కంట్రోల్ చార్ట్ అంటే ఇదే. 1924 మే నెలలో అమెరికాలో బెల్ టెలిఫోన్ వాళ్ళకి పరికరాలు తయారు చేసే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే వాల్టర్ షూహార్ట్ అనే ఆయన ఒక్క పేజీ నోటులో తన పై అధికారికి ఈ చార్ట్ గీసి చూపించాడు, ఈరోజు మీ లైన్‌లో బోర్డు మీద వేలాడుతున్నది దాని వారసురాలే. ఏ మార్పుకి కారణం వెతకాలి, ఏ మార్పుని ముట్టుకోకూడదు అనేది ఆ చార్ట్ చెప్తుంది. మా ఆపరేటర్ ఆఫ్‌సెట్ లాగే చాలాచోట్ల ప్రతి రీడింగుకీ మెషీన్‌ని కదుపుతూ ఉంటారు, దానితో ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు కూడా పొరబడే చోటు ఒకటుంది. డ్రాయింగులో ఉండే లిమిట్లు డిజైన్ చేసినవాళ్ళు పెట్టినవి, కస్టమర్‌కి ఏం కావాలో చెప్తాయి. చార్ట్ మీద కంట్రోల్ లిమిట్లు మీ మెషీన్ రీడింగుల నుంచే లెక్క కట్టినవి, అది మామూలుగా ఎంత దూరం ఊగుతుందో చెప్తాయి. చాలా కంపెనీల్లో చార్ట్ మీద డ్రాయింగు లిమిట్లే గీసేసి ఎస్‌పీసీ (ఈ చార్టులతో పనిని అదుపులో ఉంచడం) చేస్తున్నాం అంటారు. మీ బోర్డు మీద ఏ గీతలున్నాయో చూడు. ఈ రెండింటినీ పోల్చడమే సీపీకే, 1.33 ఉండాలి, 1.67 ఉండాలి అని వింటూ ఉంటావే, అది ఇదే. చార్ట్ నిలకడగా లేకుండా సీపీకే లెక్కేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు, ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకో.

చదివే వరస కావాలన్నావు. ముందు నీ హౌసింగ్ డ్రాయింగు, కంట్రోల్ ప్లాన్ (ఏది, ఎప్పుడు, దేనితో చూడాలో రాసినది), పీఎఫ్ఎంఈఏ (ఏ దశలో ఏ తప్పు జరగొచ్చో, ఎలా ఆపాలో రాసిన పట్టిక). ఈ మూడూ మీ ఆఫీసులోనే ఉంటాయి, ఇంగ్లీషు కష్టమనిపిస్తే రోజుకి ఒక వరస చాలు, ఎందుకంటే అందులో ప్రతి వరసా నువ్వు కళ్ళతో చూసే పని గురించే. పీఎఫ్ఎంఈఏలో లీక్ దగ్గర ఏం రాశారో చదివితే, మీ లైన్‌లో నిజంగా జరిగేదానికీ అక్కడ రాసినదానికీ ఎంత దూరముందో తెలుస్తుంది. తర్వాత చెక్ షీట్, పరేటో చార్ట్ లాంటి ఏడు క్వాలిటీ టూల్స్, తర్వాత ఇందాక చెప్పిన ఎంఎస్ఏ, ఎస్‌పీసీ. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ వాళ్ళ క్వాలిటీ, సిక్స్ సిగ్మా పాఠాలు ఉచితంగా చూడొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు, అదీ నీ 28 వేల ముందు ఒక లెక్కలోది కాదు. మీది కార్ల కంపెనీ కాబట్టి ఐఏటీఎఫ్ 16949 (కార్ల పరిశ్రమ క్వాలిటీ ప్రమాణం) ఇంటర్నల్ ఆడిటర్ ట్రైనింగ్ చాలావరకు కంపెనీ ఖర్చుతోనే ఇప్పిస్తుంది, పేర్లు అడిగినప్పుడు వెనక నిలబడకు. సిక్స్ సిగ్మా వీటన్నిటి తర్వాత, అప్పటికి నీకు మూడేళ్ళ అనుభవం కూడా వచ్చేస్తుంది. పది లక్షల అవకాశాలకి 3.4 తప్పులు అనే అంకెను బట్టీ పట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళని చూసి కంగారు పడకు.

డిగ్రీ మాత్రం వదలొద్దు. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి నీకుంది, ఇంటి పరిస్థితి చూసుకుని ఈ ఏడో వచ్చే ఏడో ఆలోచించు. ఎందుకంటే బీటెక్ ఉంటే రేపు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్లకి తలుపు తెరుచుకుంటుంది, కలకత్తాలో వాళ్ళకి క్వాలిటీ, రిలయబిలిటీ, ఆపరేషన్స్ రీసెర్చ్‌లో ఎంటెక్ ఉంది, హైదరాబాద్ హబ్సిగూడలో కూడా వాళ్ళ క్వాలిటీ విభాగం ఉంది. ఇందాక చెప్పిన షూహార్ట్‌ని 1947-48లో మన దేశానికి రప్పించింది ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ గారే. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎంఏ చేసిన గణాంక శాస్త్రవేత్త సీ ఆర్ రావు గారు దశాబ్దాలు పనిచేసిందీ అక్కడే. లెక్కలంటే భయపడే నీకు ఈ మాట చెప్పడం ఎందుకంటే, ఇదేదో పరాయివాళ్ళ విద్య అనుకోవద్దని.

అన్నయ్య మాట కూడా తీసి పారేయను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మంచి పనే. కానీ నీ ఉత్తరం నిండా హౌసింగులు, బోర్లు, లీకులే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ గురించి నువ్వు రాసింది ఒక్క వాక్యం, అదీ అన్నయ్య మాటే.

ఇప్పుడు నీకు బాధ కలిగించే విషయానికి వస్తాను. లైన్‌లో వాళ్ళు మొహం తిప్పుకోవడానికి కారణం నువ్వు కాదు, నీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు రిజెక్ట్ స్టిక్కర్ అంటించి వెళ్ళిపోవడం. చెక్ షీట్లు చూసే ఉంటావు. ఎనిమిది గంటల రీడింగులు ఒకే పెన్నుతో, ఒకే వాలుగా, ఒక్క నూనె మరక లేకుండా ఉంటే అది షిఫ్ట్ చివర టీ తాగుతూ నింపినది, ఇది నీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. అది చూసి సూపర్‌వైజర్‌కి చెప్పొచ్చు, వాళ్ళకి మెమో ఇప్పించొచ్చు, దానివల్ల రేపట్నుంచి వాళ్ళు రెండు పెన్నులు వాడతారు, అంతకుమించి ఏమీ మారదు. వెళ్ళి అడుగు, అన్నా, కొలవడం ఎందుకు కుదరట్లేదు అని. గేజ్ నలభై అడుగుల దూరంలో ఉందేమో, ఇద్దరు ఆపరేటర్లకి ఒకటే గేజ్ ఉందేమో, ఒక్కో ముక్కకి సైకిల్ టైమ్ తొంభై సెకన్లుంటే కొలవడానికే అరవై పడుతుందేమో. ఆ గేజ్‌ని మెషీన్ పక్కకి తెప్పించగలిగితే నీ మొదటి కైజెన్ (పనిలో చిన్న మెరుగుదల) అదే, వాళ్ళు నీతో మాట్లాడటం మొదలుపెట్టేదీ ఆ రోజే. ఇంకొకటి, దొంగ రీడింగు మాత్రం నీ చేత్తో ఎప్పుడూ రాయకు, ఎవరు అడిగినా సరే. డిస్పాచ్ టెన్షన్‌లో నీ మీద ఒత్తిడి పెడతారు. కొలవలేదు అని రాయి, ఖాళీ వదిలెయ్యి, అంతేగానీ అంకె పుట్టించకు. రేపు ఆ హౌసింగ్ ఎవరి కారులో ఉంటుందో మనకి తెలియదు.

కైజెన్ అంటే నెలకి మనిషికి రెండు ఫారాలు అని మీ దగ్గరా టార్గెట్ పెట్టే ఉంటారు. దానివల్ల డస్ట్‌బిన్‌కి రంగేసి ముందు, తర్వాత అని ఫోటోలు పెట్టడం తప్ప ఏమీ జరగదు, నాకు అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మన దగ్గర దీనికి మంచి చరిత్ర ఉంది. 1980లో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో కార్మికులతో మన దేశంలో మొదటి క్వాలిటీ సర్కిల్ (పనిలో సమస్యలని కలిసి కూర్చుని తీర్చుకునే చిన్న బృందం) మొదలైంది, రెండేళ్ళకి క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా అక్కణ్ణుంచే పుట్టింది. మీకు దగ్గర్లో దాని చెన్నై చాప్టర్ (శాఖ) ఉంది. ఏటా చాప్టర్ సమావేశాల్లో ఆపరేటర్లే స్టేజి ఎక్కి తాము తగ్గించిన రిజెక్షన్ గురించి చెప్తారు, తమిళంలోనో తెలుగులోనో, ఏ భాషలో వస్తే ఆ భాషలో, వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. 1998లో మన దేశానికి మొదటి డెమింగ్ ప్రైజ్ (క్వాలిటీకి జపాన్ ఇచ్చే పెద్ద బహుమతి) తెచ్చింది కూడా ఒక చెన్నై కంపెనీయే, సుందరం క్లేటన్. నీ లీక్ సమస్యని ఒక సర్కిల్‌గా చేసుకోండి. నువ్వు, లీక్ టెస్ట్ ఆపరేటర్, డై కాస్టింగ్ నుంచి ఒకరు, మెయింటెనెన్స్ నుంచి ఒకరు, వాషింగ్ దగ్గర ట్రేలు ఎత్తేవాళ్ళని మాత్రం మర్చిపోకు. వారానికి అరగంట చాలు.

ఆ ఇరవై ముక్కలకి స్క్రాప్ ట్రాలీ కరిగించడానికి వెళ్ళేలోపే సూపర్‌వైజర్‌ని అడిగి 'స్టడీ కోసం' అని పసుపు ట్యాగ్ వేయించు, లేకపోతే ఎవరైనా పొరపాటున ఓకే ట్రేలో కలిపేస్తారు. మళ్ళీ టెస్ట్ చేసినప్పుడు ఎన్ని పాస్ అయ్యాయో, చుక్కలు ఎక్కడ పడ్డాయో నాకు రాయి. కంపెనీ పేరు, పార్ట్ నంబర్ వద్దు, చుక్కలు పెట్టిన బొమ్మ ఒక్కటి చాలు.